అరుగు మీది అరబ్బీ

నాగర్‌కర్నూలు
12-7-1987

మామకు,

అలివేలు నమస్కారాలు. అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. తమ్ముణ్ని అడిగినట్టు రాయమంది, రాశాను.

ఇక నా సంగతి. ఎంఫిల్‌కు విషయం ఖాయమైంది. మన పాలమూరులో రోజూ మాట్లాడే మాటల్లో అరబ్బీ నుంచి వచ్చినవి ఏవి, ఒక్కో మాటకు చుట్టాలెవరు, అవన్నీ ఏ ఇంట్లో పుట్టాయి, ఇదీ నేను చేయవలసిన పని. "అరబ్బీ చెప్పే మనిషి నీకెక్కడ దొరుకుతాడమ్మా" అని మా గైడు అడిగారు. మా ఇంట్లోనే ఉన్నాడు సార్ అన్నాను. మా మేనమామ గద్వాల కచేరీ ముందు కూర్చొని ముప్పై ఏండ్లు దస్తావేజులు రాశాడనీ, చిన్నప్పుడు ఖాసిం సాబు దగ్గర చదువుకున్నాడనీ చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెద్దదే అయింది.

కాబట్టి నా పరువు నీ చేతిలో ఉంది. ముందుగా మూడు మాటలు పంపుతున్నాను. హుకుం, హకీం, హాకిం. ఒకటి ఆజ్ఞ, ఒకరు వైద్యుడు, ఒకరు అధికారి. ఈ ముగ్గురికీ చుట్టరికం ఏమిటో రాయి. నేను పాఠాలు చెప్పే కాలేజీలో అడ్మిషన్ల గోల నడుస్తోంది, లేకుంటే నేనే వచ్చేదాన్ని.

నీ మేనకోడలు
అలివేలు


గద్వాల
2-8-1987

అలివేలుకు మామ దీవెనలు.

నీ జాబు ఇంట్లో అందరికీ రెండుసార్లు చదివి వినిపించాను. మా వాడు హన్మంతు మగ్గం ఆపి విన్నాడు. మా కోడలైతే, మీకు అరబ్బీ కూడా వచ్చా మామా అని అడిగింది. ఇన్నేండ్లకు ఈ ఇంట్లో నా చదువు గురించి ఒకరు అడిగారు. సంతోషమైంది.

నీ ముగ్గురూ ఒక తల్లి పిల్లలే. ఆ ధాతువుకు మూల అర్థం అదుపు చేయడం, ఆపడం. కళ్లెంలో గుర్రం దవడను పట్టి ఉంచే ముక్కను అరబ్బీలో హకమ అంటారు. మనిషిని ఆపేది హుకుం. తగువును ఆపేవాడు హాకిం. ఏది ఎక్కడ ఆపాలో తెలిసిన వివేకి హకీం, రోగాన్ని ఆపేవాడు కూడా అతనే. హుకూమత్ అన్నా ఈ ఇంటి మాటే. ఎంఫిల్ అయ్యాక నిన్ను ఎవరు ఆపుతారో చూడాలి.

ఇక్కడ మూడు మగ్గాలూ నడుస్తున్నాయి. జైనాబీ రోజూ కూలికి వచ్చి, అరుగు మీద మగ్గాలకు నూలు కండెలు చుట్టి పోతుంది. చిన్నప్పుడు నువ్వు ఆమె రాట్నంలో వేలు ఇరికించుకొని ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చావు. ఆమె నిన్ను అడిగినట్టు రాయమంది.

ఇంకా మాటలు పంపు. మొహమాటపడకు.

మామ
బాలకిష్టయ్య


నాగర్‌కర్నూలు
25-10-1987

మామా,

దసరాకు వచ్చినప్పుడు తీరుబడిగా కూర్చోలేకపోయాం. అయినా ఆ ఒక్క పూటలో వకీలు, వకాలత్ సంగతి రాబట్టుకున్నాను. ఒకరు నమ్మి అప్పగించిన పనిని చేసిపెట్టేవాడు వకీలు అని నువ్వు చెప్పింది మా గైడుకు వినిపిస్తే, ఇట్లాంటి మనిషి జిల్లాలో ఉన్నట్టు ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకపోవడం ఏమిటన్నారు.

ఆ రోజు నవ్వొచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. నేను నిన్ను అడుగుతుంటే జైనాబీ అరుగు మీది నుంచి "అది గట్ల కాదు బిడ్డా" అని ఏదో అందుకోబోయింది. "నువ్వు కండెలు చూసుకో అమ్మా, మామను చెప్పనీ" అన్నాను. పాపం, మళ్లీ మాట్లాడలేదు. నువ్వు లోపలికి పోయి మంచినీళ్లు తాగొచ్చి, తీరిగ్గా చెప్పావు.

దసరా నుంచి రాగానే కార్డు మీద రాసి పంపిన మాటలకు ఇంకా జవాబు రాలేదు. కళ్లు మసకబారుతున్నాయా? అమ్మ పరేషాన్ అవుతోంది. కర్నూలులో మంచి కంటి డాక్టరు ఉన్నాడట, హన్మంతును వెంటబెట్టుకొని పో. చూపించుకున్నాకే రాయి. మాటలు మళ్లీ రాస్తున్నాను. జమ, జుమ్మా, జమాత్. తర్వాత బదులు, బదిలీ. తర్వాత నకలు.

అలివేలు


గద్వాల
20-11-1987

అలివేలుకు,

నా కళ్లకేమీ కాలేదు. సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తాను. ఆలస్యానికి కారణం వేరే. జైనాబీకి జ్వరం వచ్చి నెల దాటి పనికి రాలేదు, ఇంట్లో కండెల పని వెనకపడింది.

ఇవిగో నీ మాటలు. జమ అంటే ఒక చోట చేర్చడం. అందరూ నమాజుకు చేరే శుక్రవారం జుమ్మా. చేరిన మనుషులు జమాత్. బదులు, బదిలీ ఒక ఇంటివే, ఒకదాని స్థానంలో ఇంకొకటి రావడం. నీకు బదిలీ అయితే నీ కుర్చీలో నీ బదులు ఇంకొకరు కూర్చుంటారు కదా, అంతే. నకలు అంటే ఒక చోటు నుంచి ఇంకో చోటికి మోసుకుపోవడం. కాగితం మీది రాతను ఇంకో కాగితానికి మోస్తే నకలు. లోకాన్ని విడిచి ఇంకో చోటికి పోయినవాడిని ఇంతికాల్ అయ్యాడంటారు, అదీ ఇదే ధాతువు. మన నకిలీ కూడా అక్కణ్నుంచి వచ్చినదే. ఇవిగాక నువ్వు అడగకున్నా ఒకటి నా తరఫున రాస్తున్నాను. మా వృత్తి మాట దస్తావేజు, అది కూడా అచ్చమైన అరబ్బీ.

ఒక మాట బిడ్డా. ఇందులో నాది అంటూ పెద్దగా ఏమీ లేదు. తెలిసినవాళ్ల దగ్గర విన్నది నీకు చెబుతున్నాను. నా పేరు ఎక్కడా పెట్టకు.

మామ


నాగర్‌కర్నూలు
10-1-1988

మామా,

నా పేరు పెట్టకు అన్న నీ జాబును మా స్టాఫ్ రూములో చదివి వినిపించాను. చదువుకున్నవాళ్లకు ఉండే అణకువ ఇది అన్నారు అందరూ. విన్నది చెబుతున్నాననడం ఇంకా బాగుంది. ఎవరైనా వినే కదా నేర్చుకునేది.

ఇప్పుడు అసలు కబురు. వనపర్తి సాహిత్య సంఘం వాళ్లు మన మాటల కుటుంబాలను చిన్న పుస్తకంగా వేస్తున్నారు. సంఘం కార్యదర్శి ఎల్లయ్య గారు నా రాతప్రతి చూసి ముచ్చటపడ్డారు. అట్ట మీద నా పేరు కింద "అర్థ వివరణ: బాలకిష్టయ్య, గద్వాల" అని ఉంటుంది. ఫిబ్రవరి పద్నాలుగున వనపర్తిలో సభ. నీకు సన్మానం. రానంటే నేను వచ్చి లాక్కుపోతాను. ఎంఫిల్ గ్రంథం కూడా టైపుకు ఇచ్చాను. ముందుమాటలో నీ గురించి ఒక పేజీ రాశాను. అమ్మ అది చదివించుకొని విని కళ్లు తుడుచుకుంది.

అలివేలు


గద్వాల
3-3-1988

అలివేలూ,

ఈ జాబు ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. మీ అమ్మకు వినిపించేదీ లేనిదీ నీ ఇష్టం.

నాకు అరబ్బీ రాదు. ఖాసిం సాబు దగ్గర నేను నేర్చుకున్నది ఉర్దూ అక్షరాలు, లెక్కలు, అర్జీ రాయడం. ఆయన అరబ్బీ మొదలుపెట్టే వేళకు నాకు కచేరీ ముందు పని దొరికింది, మానేశాను. ఆయన బిడ్డ మానలేదు. ఆ బిడ్డ జైనాబీ. ఇప్పటికీ పొద్దున ఆమె ఇంట్లో పిల్లలకు అరబ్బీ చెప్పి, పది గంటలకు మన అరుగు మీదికి కండెలకు వస్తుంది.

నువ్వు పంపిన ప్రతి మాటా నేను ఆమెను అడిగాను. జాబు సంగతి చెప్పకుండా, ఊసుపోక అడిగినట్టు అడిగాను. ఆమె రాట్నం తిప్పుతూ చెప్పింది. నేను లోపలికి పోయి మరిచిపోక ముందే రాసుకున్నాను. దసరా నాడు నేను మంచినీళ్లకు లోపలికి పోలేదు. పెరటి గుమ్మం నుంచి బయటపడి, ఇంటి చుట్టూ తిరిగి అరుగు దగ్గరికి పోయి, ఆమె అందుకోబోయింది ఏమిటో అడిగివచ్చాను. ఆమెకు జ్వరం వచ్చిన నెల నా దగ్గర జవాబు లేదు.

ఎందుకు చేశానంటే చెప్పడానికి ఉన్నది ఒక్కటే. చీర అమ్ముడుపోయినప్పుడు మన ఇండ్లలో కండెలు చుట్టినవాళ్ల పేరు ఎవరూ చెప్పరు. మగ్గం ఎవరిదో వాళ్ల పేరే చెబుతాం. కూలికి వచ్చిన మనిషి మా అరుగు మీద చెప్పిన మాట కూడా మా ఇంటిదే అనుకున్నాను. అట్లా అనుకోవడానికి నాకు కష్టం కూడా కాలేదు, అదే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వనపర్తిలో శాలువా కప్పించుకున్నాను. బాగానే ఉండింది, అబద్ధం చెప్పను. హన్మంతు గొప్పగా రెండు పుస్తకాలు బడికి ఇచ్చి వచ్చాడు. ఆ బడిలోనే జైనాబీ మనవరాలు తొమ్మిది చదువుతుంది. మొన్న సోమవారం జైనాబీ ఎప్పటిలాగే వచ్చింది. మధ్యాహ్నం దాకా కండెలు చుట్టింది. తర్వాత నన్ను పిలిచి చెప్పింది.

"అన్నా, మనుమరాలు నీ కితాబు సదివి వినిపిచ్చింది. మంచిగున్నది. ఒక్కటి తప్పు వడ్డది. దస్తావేజు అరబ్బీ కాదు, ఫార్సీ. దస్త్ అంటే చెయ్యి. అదొక్కటి నువ్వు నన్ను అడగలే. అలివేలు పెద్ద సదువు సదువుతుంది, ఎవరన్న వట్టుకుంటే బిడ్డకు మాటొస్తది. జర రాయి ఆమెకు."

మళ్లీ రాట్నం అందుకుంది. ఆమె పోయేదాకా నేను బయటికి రాలేదు.

ముప్పై ఏండ్లు నకళ్లు తీశాను. ప్రతి నకలు కింద అసలు ప్రతి ఎవరి దగ్గరుందో రాసి సంతకం పెట్టాను. ఒక్కసారి కూడా మరిచిపోలేదు. నీకు పంపిన వాటి కింద మాత్రం రాయలేదు.

బాలకిష్టయ్య


నాగర్‌కర్నూలు
14-3-1988

మామకు,

నీ జాబు కాలేజీకి పోయే ముందు చదివాను. ఆ పూట క్లాసులో పాఠం చెప్పలేకపోయాను, పిల్లలను చదువుకోమని కూర్చోబెట్టాను.

నీ మీద కోపం వచ్చింది. ఇంకా పోలేదు. మా గైడు ముందు, ఎల్లయ్య గారి ముందు, సభలో అంతమంది ముందు నేను నీ గురించి మాట్లాడిన మాటలన్నీ ఇప్పుడు చెవుల్లో తిరుగుతున్నాయి. కానీ కోపం కాసేపే నీ మీద నిలిచింది. "నువ్వు కండెలు చూసుకో అమ్మా" అన్నది నేను. అన్నది చాలక, నవ్వుతూ నీకు జాబు కూడా రాశాను. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం ఎట్లా ఉందో గుర్తు చేసుకుందామంటే గుర్తు రావడం లేదు. నేను అటు చూసి ఉండను.

గ్రంథం ఇచ్చేశాను మామా. వైవా ఏప్రిల్ ఇరవైన. ఇప్పుడు ఈ సంగతి బయటపడితే అంతా వెనక్కి వస్తుంది. వైవా అయ్యేదాకా ఎవరికీ చెప్పకు. తర్వాత మెల్లగా ఏదో ఒకటి చేద్దాం. ఈలోపల జైనాబీకి మన మగ్గం మీది మంచి చీర ఒకటి పెట్టిరా. పట్టు అంచు, జరీ కొంగు ఉన్నదే పెట్టు, నూలుది వద్దు. నేను పంపానని చెప్పు. ఆమె మనసు నొచ్చుకొని ఉంటే కొంచెం తేలికపడుతుంది.

ఇది రాస్తుంటే నాకే బాగా లేదు. అయినా రాస్తున్నాను.

అలివేలు


గద్వాల
2-4-1988

అలివేలుకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. హన్మంతు ఒక నెల నేసి మడత పెట్టిన గచ్చకాయ రంగు చీర తీసుకొని పోయాను.

నలభై ఏండ్లుగా మన అరుగు మీదికి వచ్చే మనిషి ఇల్లెక్కడో నాకు తెలియదు. ఖాసిం సాబు ఇల్లు ఎప్పుడో చేతులు మారింది. మసీదు వెనక సందులో ఇద్దరిని అడిగి పోవలసి వచ్చింది. రెండోవాడు, ఉస్తానీ ఇల్లా అని అడిగాడు. చదువు చెప్పే ఆడమనిషిని అట్లా అంటారు. ఊళ్లో ఆమెకు ఆ పేరుందని కూడా నాకు తెలియదు.

ఒక్కటే గది. చాప మీద పిల్లలు వల్లె వేస్తున్నారు. నన్ను చూసి ఆమె లేవలేదు, పాఠం అయ్యేదాకా కూర్చోమని చేత్తో చూపింది. గడప పక్కన కూర్చున్నాను. పిల్లలు పోయాక చీర ముందు పెట్టి, అలివేలు పంపింది అన్నాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. నువ్వు అడుగుతావు కాబట్టి ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"పెండ్లికి పెట్టు తీసుకుంట, పురుడుకు పెట్టు తీసుకుంట. గిది దేనికి పెడ్తున్నవో నాకు ఎర్కనే. పేరు లేకుంటె పాయె అన్నా, నా పేరుతోని ఎవరికేం పని. కని నువ్వు రోజొక మాట అడుగుతుంటె, మల్ల సదువు షురూ జేసినవనుకున్న. మా నాయిన చివరిదాంక నీ గురించి అనెటోడు, కిష్టయ్య నడుమల ఇడిసిపెట్టి పాయెనని. దర్గ కాడ నాయిన గోరీకి పోయినప్పుడల్ల చెప్పుకున్న. నీ పిల్లగాడు ముసలితనంల మల్ల వచ్చిండు, నా దగ్గర నేర్చుకుంటుండు అని. గా మాట అబద్ధమైంది."

చీర తీసుకొని వచ్చేశాను. దారిలో మనిషి కనబడ్డప్పుడల్లా చీర సంచీని అవతలి చేతికి మార్చుకున్నాను.

నీ వైవా నీ ఇష్టం. నేనైతే ఎవరు అడిగినా ఇక దాచను. ఎవరూ అడగకపోతే ఏం చేయాలో తెలియడం లేదు.

మామ


నాగర్‌కర్నూలు
9-5-1988

మామా,

నీ జాబు అమ్మకు చదివి వినిపించాను. ఒక్క మాట కూడా వదలలేదు, నేను చీర పెట్టమన్నదాంతో సహా. అమ్మ నా ముఖం చూడకుండా "రేపే పోయి చెప్పుకో" అంది. మరుసటి రోజే హైదరాబాద్ పోయి మా గైడుకు చెప్పాను.

ఆయన కేకలేయలేదు. గ్రంథం చేతికిచ్చి, "ఆమె దగ్గర కూర్చొని మొదటి నుంచి రాసుకుని రా" అన్నారు. వైవా పోయింది. ఆరు నెలల గడువిచ్చారు. అప్పటికీ కాకపోతే ఇక లేదు. కాలేజీలో అందరికీ కారణం చెప్పాను. నీ జాబు చదివి వినిపించిన స్టాఫ్ రూములోనే నిలబడి చెప్పాను. ఇంతకుముందు అణకువ అని మెచ్చుకున్నవాళ్లు ఇప్పుడు టీ తాగుతూ కిటికీ వైపు చూశారు.

ఎల్లయ్య గారు పుస్తకం మళ్లీ వేయలేమన్నారు. మిగిలిన ప్రతుల మీద చీటీ అంటించడానికి మాత్రం ఒప్పుకున్నారు. అట్ట మీద నీ పేరు ఉన్నచోటే అంటిస్తాం. పోయిన ప్రతులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో వాళ్లకు ఉత్తరాలు రాస్తున్నాను. దస్తావేజు కూడా దిద్దాను.

ఆమె పేరు సరిగ్గా ఏమని రాయాలి? నలభై ఏండ్లుగా మనం పిలుస్తున్నది పూర్తి పేరు కాదేమో అని ఇప్పుడు తోస్తోంది. పేరు వేయడం ఆమెకు ఇష్టమో కాదో కూడా అడుగు. వద్దంటే వేయను. నేను వచ్చి మాట్లాడవచ్చా అని అడుగు. క్షమాపణ జాబులో పంపడం నాకు ఇష్టం లేదు.

అలివేలు


గద్వాల
18-6-1988

అలివేలుకు మామ దీవెనలు.

అడిగాను. పూర్తి పేరు జైనబ్ బేగం. పేరు వేసుకుంటే వేసుకొమ్మంది, కింద ఖాసిం సాబు బిడ్డ అని కూడా ఉండాలంది. నువ్వు రావచ్చా అంటే, "రమ్మను. చెప్పింది సక్కగ రాసుకొమ్మను. మీ అరుగు మీద గాదు, మా ఇంటికి రమ్మను" అంది. సెలవులు పెట్టుకొని రా. నేను దారి చూపిస్తాను.

హన్మంతు నాతో పది రోజులు మాట్లాడలేదు. బడికి పోయి ఆ రెండు పుస్తకాలూ వెనక్కి అడిగి తెచ్చాడు. వాడికి ఊళ్లో తలవంపు తెచ్చానని వాడి బాధ. నిజమే కాబట్టి ఊరుకున్నాను.

ఇంకొకటి నీకు చెప్పకుండా ఉండలేను. ఈ నెల మొదటి నుంచి పొద్దున ఆరింటికి ఆమె ఇంటికి పోతున్నాను. ఎందుకు వచ్చావని ఆమె అడగలేదు. పలక ఒకటి చేతిలో పెట్టి వెనక వరుస చూపింది. చాప మీద నాకు అటూ ఇటూ ఏడేండ్ల పిల్లలు. ఆమె పిల్లలను అడిగినట్టే నన్నూ అడుగుతుంది, రాకపోతే వాళ్లకు చెప్పినట్టే మళ్లీ చెబుతుంది. పది గంటలకు అదే మనిషి మన అరుగు మీదికి కండెలకు వస్తుంది. కూలి మానుకుంటే ఆమెకు జరగదు. నేను లోపల ఉంటాను, రాట్నం చప్పుడు వింటూ ఉంటాను. ఆ వేళ ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో నాకు తోచదు.

నిన్న పలక మీద రాసింది గట్టిగా చదవమంది. చదివాను. మూడు మాటల్లో రెండు తప్పు. పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వు వచ్చినట్టు చేశాను. ఆమె బెత్తంతో నేల మీద ఒకసారి కొట్టింది.

"నవ్వొద్దు. ఈయన మా నాయిన దగ్గర సదువుకున్నడు. లేసి సలాం జెయ్యుండ్రి" అంది.

పిల్లలందరూ లేచి నిలబడి నాకు సలాం చేశారు. నేను పలక మీది నుంచి తల ఎత్తలేదు.

మామ
బాలకిష్టయ్య